సాబుగారి ఒకటో నంబరు

మా నాన్న మా దీవుల్లోని చాతం కలప మిల్లులో దుంగల మీద నంబర్లు కొట్టేవాడు. అడవి డిపోల నుంచి దుంగల్ని తెప్పలుగా కట్టి, సముద్రం మీద లాక్కొచ్చి మిల్లు ఒడ్డున వదిలేవారు. ప్రతి దుంగ కొస మీదా రెండు గుర్తులుండాలి. మొదటిది అది ఏ డిపో నుంచి వచ్చిందో చెప్పేది, రెండోది ఆ డిపోలో దాని వరస నంబరు. ఎవరైనా కొత్త మేస్త్రీ వచ్చి పన్నెండో నంబరు దుంగ ఏదని అడిగితే నాన్నకి ఒళ్ళు మండేది. "ఏ డిపో పన్నెండు? డిపో సెప్పకుండా నంబరు సెప్తే నానేటి సేసేది, సముద్రంలో దూకి ఎతికీదా?" అనేవాడు. సోంపేట పక్క నుంచి పెళ్ళి కాకముందే ఓడెక్కి వచ్చినవాడు. ఇక్కడ నలభై ఏళ్ళు హిందీలో బతికినా, కోపం వచ్చిందంటే ఆ ఊరి తెలుగే నోట్లోంచి వచ్చేది.

నంబర్లు వచ్చుగానీ నాన్నకి చదువు రాదు. సంతకం ఒక్కటే నేర్చుకున్నాడు. అయినా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఇంకు పెన్ను ఉండేది, అదొక దర్జా. నేను ఐదో క్లాసులో ఉన్నప్పటి నుంచీ ఇంటికి ఏ కాయితం వచ్చినా నేను చదివి, అర్థం చెప్పి, "పెట్టు నాన్నా" అంటేనే పెన్ను మూత తీసేవాడు. రేషన్ కార్డుకైనా అంతే, క్వార్టర్ కాయితానికైనా అంతే. కట్టుకున్నదాని మాట చెవికెక్కదు, పెద్దపాప మాట, అంటే నా మాట, మాత్రం వేదమని అమ్మ ఉడుక్కునేది. ఆ అలవాటే మా కొంప ముంచింది అని చాలాకాలం చెప్పుకుంటూ వచ్చాను. అలవాటు ముంచలేదు, నేను ముంచాను.

ఇప్పుడు రిటైరై గోల్ ఘర్‌లో మా ఇంట్లో కూర్చున్నాను. మనవరాలు వస్తూనే ఫోన్ తీసి వైఫై పెట్టుకుంటుంది. ఆ ఫోన్‌కి ఆ క్షణంలో ఒక నంబరు వచ్చి కూర్చుందని దానికి తెలీదు. చెప్పబోతే "నానీ, వో అప్నే ఆప్ హో జాతా హై" అంటుంది. అప్నే ఆపట! మా రోజుల్లో ఏదీ దానంతటది అయ్యేది కాదు. ఒక్కో మిషన్ ముందూ కూర్చుని, అంకె అంకె చేత్తో కొట్టాలి. ఆ రోజులంటే నాకు చచ్చేంత ఇష్టం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఆఫీసుకి ఓడ మీద పద్దెనిమిది కంప్యూటర్లు దిగాయి. మిడిల్ పాయింట్‌లో ఒక సర్కారీ ఆఫీసు మాది, నేను అక్కడ కంప్యూటర్ ఆపరేటర్ని. ఆపరేటర్ అంటే అప్పటిదాకా టైపిస్టుకి పెట్టిన కొత్త పేరు, అంతే. మిషన్లతోపాటు చెన్నై నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. నాలుగో రోజు ఆయన తిరుగు ఓడ. అందుకని మూడు రోజుల్లో వైర్లు లాగి, అన్నిటినీ కలిపి, అరవ యాస హిందీలో నాకు పాఠం చెప్పాడు. నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ ఉంది, అట్ట ఒక మూల చెదలు తినేసింది.

ప్రతి మిషన్‌కీ ఒక అడ్రసు ఉంటుందన్నాడు. అది నాలుగు అంకెలు, మధ్యలో చుక్కలు. ఒక్కో అంకె సున్నా నుంచి రెండువందల యాభై ఐదు దాకా ఉండొచ్చు, దాటకూడదు. మాది నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి. ఈ మూడూ మా ఆఫీసు మిషన్లన్నిటికీ ఒకటే. నాలుగోది మాత్రం ఎవరిది వాళ్ళది. నాకు చటుక్కున వెలిగింది. డిపో గుర్తు, దుంగ నంబరు! ఆయనకి చెబితే పాపం అర్థం కాలేదు, దుంగలేమిటి అని నావైపు అనుమానంగా చూశాడు.

దాని కింద ఇంకో వరస ఉంది, రెండువందల యాభై ఐదు మూడుసార్లు, చివర సున్నా. దాన్ని మాస్కు అంటారు. నాలుగు అంకెల్లో ఎక్కడిదాకా డిపో, ఎక్కణ్ణించి దుంగ అని మిషన్‌కి చెప్పేది అదే. చివరి అంకెలో సున్నాని ఎవరికీ ఇవ్వకూడదు, అది మొత్తం డిపోకి గుర్తు. రెండువందల యాభై ఐదూ ఇవ్వకూడదు, అది అందరినీ ఒకేసారి కేకేయడానికి. మధ్యలో మిగిలినవి మన ఇష్టం. పక్క ఆఫీసులోనూ సరిగ్గా ఇవే నంబర్లుండొచ్చు, ఫరవాలేదు, వాళ్ళ గోడల లోపల వాళ్ళవి. ఒకే ఆఫీసులో మాత్రం ఒక నంబరు రెండు మిషన్లకి పడకూడదు.

చివరి రోజు ఆయన రికార్డు రూములో బీరువా మీద ఒక నల్ల డబ్బా పెట్టి, ఇది గేటు అన్నాడు. గది నుంచి గదికి వెళ్ళే ఫైలు ఈ గేటు దాకా రానక్కర్లేదు, నేరుగా పోతుంది. ఆఫీసు దాటి మెయిన్‌లాండ్‌కి పోయేదీ, అక్కణ్ణించి వచ్చేదీ మాత్రం దీనిలోంచే. దీని నంబరు ఒకటి, ఆ ఒకటి ఇంకెవరికీ ఇవ్వొద్దన్నాడు. నోట్‌బుక్కులో ఆ ముక్క కింద రెండు గీతలు గీసుకున్నాను. ఆయన ఓడెక్కి వెళ్ళిపోయాడు.

మిగిలిన మిషన్లకి నంబర్లివ్వడం నా పని. మర్నాడు బడాబాబు, అంటే మా హెడ్ క్లర్కు, ఒక కాయితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మన తెలుగాయనే, రాజమండ్రి వైపు. ఆ కాయితం ఆఫీసు సీనియారిటీ లిస్టు. పైన సాబు, అంటే మా ఆఫీసరు. ఆయన కింద సూపరింటెండెంటు, ఆ తర్వాత వరసగా అందరూ. చిట్టచివర నేను. క్వార్టర్లు ఇచ్చినా, ఓడలో సీటు ఇచ్చినా, ఆఖరికి ఫ్యాను కింద బల్ల ఇచ్చినా ఆ లిస్టు ప్రకారమే ఇచ్చే ఆఫీసు మాది. కంప్యూటర్ నంబర్లు మాత్రం దానికి మినహాయింపా?

ఒకటి గేటుదని నోట్‌బుక్కు చూపించాను, రెండు గీతలూ చూపించాను. ఆయన కళ్ళజోడు పైకెత్తుకుని, "అరే అమ్మాయ్, డబ్బాకి ఒకటో నంబరూ, సాబుకి రెండో నంబరూనా? కల్ సాబ్ పూఛేంగే తో ఏం చెప్తావ్? ఇంజనీరు ఓడెక్కి పోయాడు, ఇక్కడ ఉండాల్సింది మనం" అన్నాడు.

నాకు నోరు లేక కాదు, నా నోటికి జడిసే ఆఫీసులో సగంమంది నా జోలికి వచ్చేవారు కారు. బద్ధకం. సాబు కార్ నికోబార్ టూర్లో ఉన్నాడు, ఆయన కంప్యూటర్ మీద పూలగుడ్డ కప్పి ఉంది. ఆయనకి దాంతో పనేం ఉంది గనక, ఆన్ చేస్తే కదా గొడవ అనుకున్నాను. గుడ్డ తీసి, ఒకటి కొట్టి, మిషన్ ఆపేసి, గుడ్డ మళ్ళీ కప్పేశాను. బడాబాబు మొహం వెలిగిపోయింది.

ఆ నెలలోనే నాన్న కాలికి పుండు లేచింది. షుగర్ ఉన్నవాడు, చెప్పులేసుకోమంటే వినేవాడు కాదు, బొటనవేలికి చెక్కపేడు గుచ్చుకుంది. ఇక్కడి డాక్టరు మెయిన్‌లాండ్ తీసుకెళ్ళమన్నాడు. అమ్మ తోడుగా విశాఖపట్నం ఓడెక్కింది. నాకు సెలవు దొరకలేదు. పిన్ని కొడుకు, వరసకి తమ్ముడు, అక్కడ ఒక ఇంటర్నెట్ సెంటర్లో పని చేసేవాడు. రోజూ ఆసుపత్రికి వెళ్ళొచ్చి నీకు మెయిలు కొడతానక్కా అన్నాడు. అన్నట్టే కొట్టాడు. నాన్న ఇవాళ ఇడ్లీ తిన్నాడనీ, నర్సుతో హిందీలో దెబ్బలాడాడనీ, ఆవిడకి హిందీ రాదనీ రాసేవాడు. అది చదువుకుని నవ్వుకుంటేగానీ నాకు ఆఫీసు పని సాగేది కాదు.

ఒక సోమవారం ఆ మెయిలు రాలేదు.

ఆ రోజే వాన పట్టింది. మా దీవుల్లో వాన పడితే మెయిన్‌లాండ్‌తో అన్నీ తెగిపోతాయి. ఓడ ఆగుతుంది, ఫోను ఆగుతుంది, ఆకాశంలోంచి వచ్చే ఆ కంప్యూటర్ లైనూ ఆగుతుంది. మెయిన్‌లాండ్ నుంచి ఏదైనా రాకపోతే మేం ఇక్కడి తప్పు వెతకం, వానని తిట్టుకుని కూర్చుంటాం. చిన్నప్పటి నుంచీ మాకు అబ్బిన విద్య అది. నేనూ వానని తిట్టాను. ఆఫీసు లోపల అన్నీ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి మరి. ఆ గదిలో టైపు చేసింది ఈ గదిలో ప్రింటవుతోంది, ఈ గది ఫైలు ఆ గదిలో తెరుచుకుంటోంది. మన దగ్గర తప్పేమీ లేదు, పైన మబ్బు పట్టింది అని అందరికీ నేనే చెప్పాను. చాలా తెలిసినదానిలా చెప్పాను.

సాయంత్రం గోల్ ఘర్ బూత్‌కి వెళ్ళి గంటసేపు లైన్లో నిలబడ్డాను. ఎన్నిసార్లు తిప్పినా ఈ మార్గంలోని లైన్లన్నీ బిజీగా ఉన్నాయని ఆ రికార్డు గొంతు చెప్పింది. మంగళవారమూ అదే గొంతు. సరే, వానే అనుకున్నాను.

బుధవారం పొద్దున మా చప్రాసీ చాచా టీ తెచ్చాడు. రాంచీవాళ్ళ మనిషి, అంటే అడవి పనికి అటునుంచి వచ్చిన కూలీల బిడ్డ, రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. తర్వాత మెల్లగా, "దీదీ, సాబ్ కే కంప్యూటర్ మే రోజ్ సుబహ్ కుఛ్ లిఖ్ కే ఆతా హై. మై ఓకే దబా దేతా హూఁ. ఠీక్ హై నా?" అన్నాడు.

సాబు ఆదివారం టూరు నుంచి తిరిగొచ్చాడని నాకు తెలుసు. పొద్దున్నే చాచా అన్నిటికంటే ముందు సాబు గది తెరుస్తాడనీ తెలుసు. తుడుస్తాడు, దేవుడి పటానికి అగరొత్తి వెలిగిస్తాడు. సాబు వచ్చేసరికి తెర వెలుగుతూ ఉండాలని ఇప్పుడు కంప్యూటర్ కూడా ఆన్ చేస్తున్నాడు. ఆ తర్వాత అరగంటకి నేను వచ్చి, పిడుగుల భయానికి రాత్రి ఆపేసిన గేటు డబ్బాని ఆన్ చేస్తాను. అప్పటికే ఒకటో నంబరుని సాబు మిషన్ పట్టుకుని కూర్చుంటుంది. తెర మీద రోజూ వస్తున్న రాత ఏమిటో వెళ్ళి చూశాను. ఈ నంబరునే ఇంకెవరో కూడా వాడుతున్నారు అని ఉంది. మూడు రోజులుగా మొత్తుకుంటోంది అది. చాచా రోజూ ఓకే నొక్కి దాని నోరు మూయిస్తున్నాడు, ఆయనకేం తెలుసు. మా మిషన్లన్నీ మెయిన్‌లాండ్‌కి దారి అడగడానికి ఒకటో నంబరు దగ్గరికి వెళ్తున్నాయి. అక్కడ గేటు బదులు సాబుగారి బల్ల ఉంది.

సాబు మిషన్ వెనక వైరు పట్టుకుని లాగేశాను. సాబు అప్పుడే లోపలికొచ్చి ఏమైందని అడుగుతుండగానే పరిగెత్తుకొచ్చి నా మిషన్ ముందు కూర్చునేసరికి మెయిళ్ళు దిగుతున్నాయి. వాన అలాగే కురుస్తోంది.

తమ్ముడివి మూడున్నాయి. సోమవారంది: అక్కా, చీము పాదంలోకి దిగిందట, మడమ దాకా తీసేస్తే ఆగిపోతుందంటున్నారు, పెదనాన్న సంతకం పెట్టడం లేదు, పెద్దపాప చెప్పాలంటున్నాడు, వెంటనే చెప్పు. మంగళవారంది: ఫోన్ కలవడం లేదు, ఎందుకు జవాబివ్వవు? బుధవారంది పొద్దున కొట్టాడు, రెండే ముక్కలు: పైకి పాకుతోందట. తొందరగా.

"పెట్టు నాన్నా" అని ఒక్కటే కొట్టాను. ఇంట్లో ఎప్పుడూ అనే మాటే. మధ్యాహ్నానికి జవాబొచ్చింది. సంతకం పెట్టాడు. సాయంత్రం ఇంకొకటి వచ్చింది. మోకాలి కింద దాకా తీశారు, ప్రాణానికి భయం లేదు. సోమవారం మడమ, బుధవారం మోకాలు. ఆ మధ్యనున్న జానెడు కాలు నా లెక్కలోది.

బడాబాబు లిస్టు పట్టుకుని వచ్చాడు. మరి సాబుకి ఏ నంబరిస్తావని అడిగాడు. మూడు రోజుల కోపం ఆయన మీద పడింది. "ఒకటో నంబరు గేటు కాడ చౌకీదారుది బడాబాబు గారూ. అంత సరదాగా ఉంటే సాబుకి కర్ర ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టండి" అన్నాను. తర్వాత ఏడుపు ఆపుకోలేక జరిగిందంతా చెప్పేశాను. ఆయన లిస్టు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు ఒక కొత్త రిజిస్టరు తెచ్చాడు. గదుల వరసన మిషన్లు, మొదటి వరసలో ఆయన చేతిరాతతో 'ఒకటి, గేటు'. సాబుకి పదకొండు వచ్చింది. సాబు ఏనాడూ అడగలేదు, తన నంబరు ఏదో ఆయనకి తెలిస్తే కదా. ఆ రిజిస్టరుని నేను రిటైరయ్యేదాకా దాచాను. కొత్త మిషన్ వచ్చినప్పుడల్లా అందులో ఖాళీ వెతికి నంబరివ్వడం, బడాబాబు పక్కన సంతకం పెట్టడం, అదొక వైభోగం. తప్పు నా ఒక్కదానిదే అనిగానీ, తనదీ ఉందనిగానీ ఆయన ఎప్పుడూ అనలేదు. ప్రతి సోమవారం మాత్రం నాన్న ఎలా ఉన్నాడని అడిగేవాడు.

నాన్న రెండు నెలల తర్వాత ఓడ దిగాడు. కర్రల మీద, మెట్ల మీద ఎవరినీ పట్టుకోనివ్వకుండా, అందరినీ తిట్టుకుంటూ దిగాడు. జేబులో పెన్ను ఉంది. నాలుగు రోజులు నోరు మూసుకుని, ఐదో రోజు మా వాకిట్లో కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను. దుంగల లెక్కలో చెప్పాను కాబట్టి సగంలోనే అర్థమైపోయింది.

"ఒక్క నంబరు రెండు దుంగలకి కొట్టీసినావన్నమాట. నానూ కొట్టినాను ఓపాలి" అన్నాడు.

అది కాదు నాన్నా, నా జవాబు సోమవారమే వచ్చుంటే నీకు ఆ జానెడు కాలు మిగిలేది అన్నాను.

నవ్వాడు. "నువ్ మొదటి రోజే సెప్పినా నాను ఎట్టీవోణ్ని కాదే పెద్దపాపా. కాలు తీసీడానికి ఎవుడైనా బేగి సంతకం ఎడతాడేటి? మూడో రోజు నొప్పికి తాళనేక ఎట్టీసినాను. నీ మెయిలూ లేదు, గియిలూ లేదు. ఆ గేటుకి దాని నంబరు దానికిచ్చీసినావా లేదా?"

ఇచ్చేశానన్నాను. అయితే అన్నం పెట్టమన్నాడు. నా గుండెల మీంచి ఆయన దుంగనే తీసి పక్కన పెట్టినట్టయింది. ఆ మాట పట్టుకుని పన్నెండేళ్ళు హాయిగా నిద్రపోయాను. ఎవరైనా అడిగితే, మా నాన్న మొండివాడు, ఎలాగూ మూడో రోజు దాకా పెట్టేవాడు కాదు అని నేనే చెప్పేదాన్ని.

నాన్న పోయిన ఏడాదికి అమ్మా నేనూ ఆయన బట్టలు సర్దుతున్నాం. ఒక తెల్లచొక్కా జేబులో పెన్ను ఉంది, కింద గుండ్రంగా ఇంకు మరక. అమ్మ ఆ మరక మీద వేలు పెట్టి చూసింది. ఇది ఆసుపత్రిలో అంటుకున్నదేనని చెప్పింది. సోమవారం డాక్టరు కాయితం తెచ్చినప్పుడు పెన్ను మూత తీశాడట, బుధవారం దాకా మళ్ళీ పెట్టలేదట.

"పెద్దపాప ఎట్టమంటాది, అప్పుడు మూత తీస్తా కూకుంటే ఆలిస్సెం అయిపోతాదని మూత నేకుండానే సేతిలోనో జేబులోనో ఉంచుకున్నాడు" అంది. "తలుపు సప్పుడైతే సాలు, వచ్చిందా, సెప్పిందా అని అడిగీవోడు. నీకు సెప్పొద్దని నాసేత ఒట్టేయించుకున్నాడు."

అమ్మ చొక్కాని ఆ మరక పైకి రాకుండా మడత పెట్టి నా చేతికిచ్చింది.